తలుపు మూసి తినే ఇల్లు

మొన్న ఒకావిడ మా ఇంటికి వచ్చింది. కౌకూర్‌లో మేమున్న కాలనీలోనే, రెండు వీధుల అవతల ఉంటారు. భర్తకు బ్యాంకులో ఉద్యోగం, సొంతూరు కోస్తా వైపు. కూరగాయల బండి దగ్గర తప్ప మేము మాట్లాడుకున్నది లేదు. కూర్చోమంటే సోఫా అంచున కూర్చుంది, కాఫీ వద్దంది, గేటు బయట ఆగి ఉన్న కారు వైపు మాటిమాటికీ చూసింది. చివరికి గొంతు తగ్గించి, "మీకూ చదువుకునే రోజుల్లో ఇలాగే వచ్చిందటగా అండీ, ఏం మందు వాడారు?" అని అడిగింది. ఇలాగే అంటే ఎలాగ అని అడిగాను. "అదేనండీ, మా అమ్మాయికి అన్నం సయించకపోవడం" అంది. సయించకపోవడం కాదు, కడుపులో ఆకలి మండుతున్నా తినలేకపోవడం, అది జబ్బు, దానికి మానసిక వైద్యులు ఉంటారు అని చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది. "అమ్మో, ఆ డాక్టర్లా? సంబంధాలు చూస్తున్నామండీ. ఒంటికి పట్టే టానిక్కు ఏదైనా చెబుతారేమోనని వచ్చాను."

నాకు ఒళ్లు మండింది. ఈ జబ్బు గురించి ఇప్పుడు పేపర్లు రాస్తున్నాయి, ఫోన్లు చెబుతున్నాయి. అయినా చదువుకున్న తల్లి నా ఎదురుగా కూర్చుని, మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు నాకు రాసిచ్చిన టానిక్కునే అడుగుతోంది. డాక్టరు పేరు చెప్పాను, ముందు రక్తపరీక్ష, గుండె పరీక్ష చేయించమన్నాను, నెల ఆగితే నెల నష్టం అన్నాను. కారులో ఉన్న పిల్లను లోపలికి పిలవమంటే, "ఎవరింటికీ రాదండీ, ఏదైనా తినమంటారని భయం" అంది. ఆ మాట అంటూ మళ్లీ గేటు వైపు చూసింది. ఆవిడ ఆ డాక్టరు దగ్గరికి వెళ్తుందో లేదో నాకు తెలియదు.  ఎవరికీ పూర్తిగా చెప్పని ఆ రోజులను ఇక్కడ రాయడానికి ఆ టానిక్కే కారణం.

మాది షామీర్‌పేటకూ మేడ్చల్‌కూ మధ్య ఒక ఊరు. ఊళ్లోవాళ్లు మా ఇంటిని గడి, అంటే దొరవారి కోట, అనేవాళ్లు. నాకు ఊహ తెలిసేసరికే ఆ మాటకు తగిన ఇల్లు కాదు అది. తాతగారి నాటి భూమిలో కొంత సీలింగు చట్టంలో పోయింది, కొంత దాయాదుల కోర్టుల్లో పోయింది, మిగిలినదాంట్లో సగం మా నాన్న (మేము బాపు అనేవాళ్లం) తెలివితేటల్లో పోయింది. ఇంటి వెనక కాస్త ద్రాక్షతోట, ముందు పెద్ద అరుగు, లోపల వాన వస్తే గిన్నెలు పెట్టుకోవలసిన గదులు, ఇవి మిగిలాయి. జాలి కోసం ఇది చెప్పడం లేదు. మా ఇంట్లో జాలి ఎవరూ అడగలేదు, ఎవరైనా పడితే ఊరుకోలేదు. భూమి తగ్గినకొద్దీ మర్యాదలు మాత్రం పెరిగాయి. తోట మీద మందు చల్లిన గంధకం వాసన, పక్క ఊరి కోళ్లఫారాల వాసన కలిసి వచ్చే పొద్దుటి పూట కూడా బాపు ఇస్త్రీ బట్టలు వేసుకునే అరుగు మీద కూర్చునేవాడు. 

ఆ మర్యాదలన్నిటికీ యజమాని మా అవ్వ, అంటే బాపు తల్లి. సన్నగా, నిటారుగా, గంజిపెట్టిన తెల్లచీరలో ఉండేది. ఆమె నడిస్తే చీర చప్పుడు ముందు వచ్చేది, ఆమె తర్వాత వచ్చేది. వంటింట్లో ఏ పూట ఏం వండాలో చెప్పేది ఆమే, ఉప్పు చూడకుండా వాసనతోనే తక్కువైందని చెప్పేది ఆమే. కానీ అవ్వ అన్నం తినగా నేను ఎన్నడూ చూడలేదు. మా ఇంటి పద్ధతి అది. మొదట మగవాళ్లు, వచ్చినవాళ్లు, తర్వాత తోటలో పనిచేసేవాళ్లకు వాకిట్లో, తర్వాత పిల్లలు, అన్నీ సర్దుకున్నాక ఆడవాళ్లు. ఆ తినడం కూడా కలిసి కాదు. అవ్వ తన కంచం తీసుకుని లోపలి అర్రలోకి వెళ్లి తలుపు వేసుకునేది. ఆమె బయటికి వచ్చాక అమ్మ వంటింటి మూలలో గోడవైపు తిరిగి తినేది. ఆడపిల్లకు పన్నెండు దాటితే తనకూ ఒక మూల వెతుక్కోవాలి. నాకు ధాన్యం గది దొరికింది.

"ఆడిది బువ్వ తినేది ఎవ్వని కంట్ల పడొద్దు బిడ్డా," అనేది అవ్వ. "నోరాడేది సూస్తే ఇగ ఇజ్జత్ ఏమున్నది? మన ఇంట్ల ఆడోళ్లు పిట్ట లెక్క తింటరు." ఈ మాటలో గొప్ప ఉంది. ఊళ్లో మిగతా ఆడవాళ్లు నాట్లు వేసి వచ్చి గట్టు మీద కూర్చుని, నవ్వుకుంటూ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ జొన్నరొట్టె తినేవాళ్లు. మేము వాళ్లం కాదని చెప్పడానికి మాకు ఇక మిగిలినవి ఇలాంటి తలుపులే.

ఇంటర్ చదవడానికి మేడ్చల్ వెళ్లివచ్చే రోజుల్లో నాకు కామెర్లు వచ్చాయి. ఆకుమందు పోశారు, పత్యం పెట్టారు. నూనె లేదు, ఉప్పు లేదు, పులుపు లేదు. కామెర్లు తగ్గాయి. పత్యం నేను వదల్లేదు. ఎందుకు వదల్లేదని తర్వాత నన్ను చాలామంది చాలా తెలివైన ప్రశ్నలు వేశారు. ఒక కారణం చెబితే వాళ్లకు తృప్తి. ఆ ముందటేడు బస్సులో ఒకప్పటి మా కౌలుదారు భార్య నన్ను చూసి పక్కనామెతో, "సూడు, భూములు పోయినయ్ గని దొర బిడ్డకు బుగ్గలు పోలే!" అంది. బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి చూస్తూ మెడ తిప్పకుండా దిగిపోయాను. ఆ మాట వల్లే జబ్బు వచ్చిందని రాస్తే కథకు బాగుంటుంది, కానీ అది నిజం కాదు. అలాంటి మాటలు ఎందరో పడతారు, పడి ఇంటికి వెళ్లి అన్నం తింటారు. నాలో అంతకుముందే ఏదో సిద్ధంగా ఉంది. పత్యం దానికి తలుపు తీసింది. అన్నీ చేజారిపోతున్న ఇంట్లో నా చేతిలో ఉన్నది నా కంచం ఒక్కటే అని మాత్రం చెప్పగలను. ఆకలిని నిలబెట్టి, నిన్ను నేను లెక్కచేయను అని చెప్పడంలో ఉన్న పొగరు నాకు అప్పట్లో బలంగా తోచింది. కొన్నాళ్లకు ఆ పొగరు కూడా నాది కాకుండా పోయింది. తినాలనుకున్న రోజున చేయి నోటిదాకా రాలేదు. ఆ రోజు మొదటిసారి భయపడ్డాను, ఎవరికీ చెప్పలేదు.

ఎవరికైనా తెలియాలంటే ఎవరైనా చూడాలి కదా. చూడడమే తప్పైన ఇల్లు మాది. నేను కంచం తీసుకుని ధాన్యం గదిలోకి వెళ్లేదాన్ని, కాసేపటికి ఖాళీ కంచంతో వచ్చేదాన్ని. అంతకన్నా మర్యాదగల పిల్ల ఉంటుందా? పైగా ఆకలితో ఉన్న మనిషికి తిండి తప్ప మరో ధ్యాస ఉండదు. పుస్తకం తెరిస్తే అక్షరాల మధ్య సర్వపిండి కనబడేది. అందుకని వంటింట్లోనే తిరిగేదాన్ని, అందరికీ కొసరి కొసరి వడ్డించేదాన్ని. వచ్చిన చుట్టాలందరూ నా చేతి వంటను పొగిడారు. బొమికలు తేలిన భుజాల మీద పైట నిండా కప్పుకుని విస్తళ్ల మధ్య తిరుగుతున్న నన్ను చూసి అవ్వ ఒకరోజు తృప్తిగా తల ఊపింది. "గిప్పుడు అసలైన దొరసాని లెక్కున్నవ్," అంది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుకుతాను. జుట్టు ఊడుతోంది, ఎండాకాలంలో చలి వేస్తోంది, నెలసరి ఆగిపోయింది, మెట్లెక్కితే గుండె తప్పటడుగులు వేస్తోంది. మా ఇంటి కొలత ప్రకారం నేను అప్పుడే సరిగ్గా తయారయ్యాను.

మా ఇంటికన్నా ముందు ఊరు చూసింది. షామీర్‌పేట హోటల్లో చాయ్ తాగుతూ ఎవరో, "దొరింట్ల గింజల్లేవంట, గందుకే పిల్ల గట్లైంది," అన్నారని బాపు చెవిన పడింది. ఆయనకు నా ఆరోగ్యం మీద బెంగ కలిగిందని మీరు అనుకుంటే మా ఇల్లు మీకు ఇంకా తెలియలేదన్నమాట. ఆయన ఎర్రబడ్డ ముఖంతో ఇంటికి వచ్చి, ధాన్యం గదిలో ఉన్న బియ్యం బస్తాలన్నీ మోయించి అరుగు మీద పేర్పించాడు. "సూడనీ, కండ్లున్నోళ్లందర్ని సూడనీ! మా ఇంట్ల తిండికి కొదవ లేదు." ఊరి మేకలు చూశాయి. వచ్చి ఒక బస్తా మూల కొరికాయి. వాన మొదలైతే బస్తాలు లోపలికి, వెలిస్తే మళ్లీ బయటికి. ఆ బస్తాల పక్కనే కుర్చీ వేసుకుని బాపు కూర్చునేవాడు. బస్తాలు బయటికి పోయాక ఖాళీ అయిన గదిలో నేను కంచం ఒళ్లో పెట్టుకుని, తినకుండా, ఇంకా హాయిగా కూర్చునేదాన్ని.

తర్వాత వైద్యాలు. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు గ్యాస్ అన్నాడు, తీయటి టానిక్కు ఇచ్చాడు. మా మేనత్త దిష్టి అంది, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేస్తే ఇల్లంతా దగ్గింది. ఒకరు నులిపురుగులన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. మా ఊరి చర్చి దగ్గరుండే టీచరమ్మ, పాపం మంచావిడ, నా తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసింది, వెళ్తూ వెళ్తూ కేకు తినమంది. సికింద్రాబాద్‌లో పేరున్న పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఛాతీకి ఎక్స్‌రే తీయించాడు. ప్రతి గదిలోనూ డాక్టరు నోరు తెరవకముందే బాపు నిలబడి, "మా ఇంట్ల తిండికి కొదవ లేదు సాబ్," అని ప్రకటించేవాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదని తేల్చాక ఆ పెద్ద డాక్టరు కళ్లజోడు పైనుంచి నన్ను చూసి నవ్వాడు. "సన్నగా ఉండాలని మాడుతోందండీ, ఈ కాలం పిల్లలు. పెళ్లి చేసేయండి, సర్దుకుంటుంది." అందం కోసమట! నేను అప్పటికి అద్దంలో చూసుకోవడమే మానేశాను. ఆ మనిషికి నాడి చూడడం వచ్చు, నా నాడి ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందో పట్టుకుని చూడాలని మాత్రం తోచలేదు.

ఒక పొద్దున సికింద్రాబాద్ వెళ్దామని బాపుతో పాటు మేడ్చల్ స్టేషన్లో రైలు కోసం నిలబడి పడిపోయాను. ఎవరో ఆటోలో వేసి తీసుకుపోయిన ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గుండె పరీక్ష తీశాడు, రక్తం తీశాడు. ముఖం చిట్లించుకుని, ఇంట్లో తింటోందా అని అడిగాడు. బాపు లేచి తన ప్రకటన మొదలుపెట్టాడు. "ఇంట్లో ఉందా అని కాదండీ, అమ్మాయి తింటోందా అని అడుగుతున్నాను," అన్నాడు ఆయన. అదే తేడా అని అంతవరకు మాకు ఎవరూ చెప్పలేదు. గుండెకు ప్రమాదం ఉందని, మానసిక వైద్యుల దగ్గరికి వెంటనే తీసుకువెళ్లమని సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి పేరు చెప్పాడు. బాపు నన్ను ఇంటికి తీసుకువచ్చాడు. దొరల బిడ్డ పిచ్చి దవాఖాన మెట్లెక్కడం జరగదని తేల్చేశాడు.

అమ్మ గురించి ఇంతవరకు రాయలేదు. ఆ ఇంట్లో అమ్మ గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. పొయ్యి ముందు ఉండేది, పిలిస్తే పలికేది. మర్నాడు పొద్దున ఆమె స్నానం చేసి మంచి చీర కట్టుకుని నా చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది. బాపు అరుగు మీద నుంచే అడిగాడు.

"ఏడికి?"

"దవాఖానకు."

"ఏ దవాఖానకు?"

"నిన్న ఆ పిలగాడు చెప్పిన దవాఖానకే."

"ఊళ్లె ఏమనుకుంటరో తెలుసా నీకు?"

"తిండి లేదనుకుంటున్నరు ఇప్పుడు. పిచ్చి అని అనుకుంటే అనుకోనీ," అంది అమ్మ. "నాకు పిల్ల ఉండాలె."

బాపు బస్తాల వైపు చూశాడు. అవి ఏ సాయమూ చేయలేదు. మేము వెళ్లిపోయాము.

అక్కడి డాక్టరమ్మది కృష్ణా జిల్లా అట. పొట్టిగా, తొందరగా మాట్లాడే మనిషి. నన్ను బయటికి పంపకుండా నా ఎదుటే అమ్మకు చెప్పింది. "ఇది మొండితనం కాదమ్మా, వేషం కాదు, గాలి కాదు. జబ్బు. తిండి తగ్గితే ఒంటితో పాటు మెదడూ చిక్కిపోతుంది. చిక్కిన మెదడు ఇంకా తినొద్దనే చెబుతుంది. అందుకని ముందు తిండి, తర్వాత మాటలు. తిండే దీనికి మందు." తర్వాత నా వైపు తిరిగి, ఇంట్లో భోజనం ఎవరితో కలిసి చేస్తావని అడిగింది. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. అమ్మే చెప్పింది.

"మా ఇంట్ల ఆడోళ్లం ఎవ్వరి ముంగట తినం డాక్టరమ్మా."

"అమ్మాయీ మీరూ కలిసి?"

"నేను మా అత్తమ్మ తిన్నంక తింట."

"ఆవిడ?"

"ఆమె తలుపేసుకొని తింటది. ఒకలు తినేది ఒకలు సూసుడు మర్యాద కాదండి."

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టింది. "అంటే ఈ అమ్మాయి చచ్చిపోయేదాకా తిన్నదో లేదో ఆ ఇంట్లో ఎవరికీ తెలిసే వీలే లేదు," అంది. అమ్మ ఏడవలేదు. పైట కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

కొన్నాళ్లు వార్డులో ఉంచారు. అంతకాలం ఎండిన ఒంటికి ఒక్కసారిగా తిండి పెట్టినా ప్రమాదమేనట. రోజూ రక్తం చూస్తూ కొంచెం కొంచెంగా పెంచారు. ఆ రోజుల గురించి ఎక్కువ రాయను. నర్సు ముందు కూర్చుని ఇడ్లీ ముక్క మింగడం కన్నా నాకు కొండ ఎక్కడం తేలికగా ఉండేది. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ షరతు పెట్టింది. ప్రతి పూటా ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు పక్కన కూర్చుని, తామూ తింటూ, నా కంచం ఖాళీ అయ్యేదాకా లేవకూడదు. వారం వారం వచ్చి చూపించాలి. బరువు జారితే మళ్లీ వార్డే. ఈసారి గుండె తట్టుకుంటుందని తను హామీ ఇవ్వలేనని కూడా చెప్పింది.

అమ్మ కూర్చుంది. నడిమి గదిలో, అందరూ నడిచే చోట, నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. కానీ అమ్మను ఎవరైనా లేపవచ్చు. బాపుకు మంచినీళ్లు కావాలి, వాకిట్లో ఎవరో పిలుస్తారు, పాలు పొంగుతాయి. ఆమె లేచి వచ్చేలోగా నాలో ఉన్న జబ్బు తన పని తాను చేసుకునేది. ఎలాగో రాయను, ఆ విద్య ఎవరికీ అక్కర్లేదు. బరువు జారింది. డాక్టరమ్మ అమ్మను మందలించలేదు. "పిలిస్తే లేవని మనిషి ఎవరున్నారమ్మా మీ ఇంట్లో?" అని మాత్రం అడిగింది. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. అలాంటి మనిషి మా ఇంట్లో ఒక్కతే ఉంది.

అవ్వకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె వక్క నములుతోంది, నమలడం ఆపేసింది. "నన్ను నడింట్ల కూసోని తినుమన్నదా? గామె ఏ ఊరామె?" కొన్ని రోజులు అమ్మతో మాట్లాడలేదు. నాతో మాట్లాడింది కానీ అది తిట్టడం. "బువ్వ తినుడు గూడ నేర్పాల్నా నీకు? పొలం పనికి పొమ్మన్ననా, రాళ్లు కొట్టుమన్ననా? నోట్ల పెట్టుకొని మింగనీకి గింత కథా?" నేనూ తగ్గలేదు. నువ్వు నేర్పిన పద్ధతే కదా అన్నాను. ఇద్దరమూ మెడలు నిలబెట్టి చెరో గోడ వైపు చూస్తూ ఉండేవాళ్లం. లోలోపల నాకు సంతోషంగా కూడా ఉండేది. ఆ జబ్బు ఎంత జిత్తులమారిదంటే, అవ్వ ఒప్పుకోకూడదని నా చేతే కోరుకునేలా చేసేది.

బతుకమ్మ పండుగ ముందు అవ్వ తన పెట్టెలోంచి బంగారు కడియాలు తీసింది. అమ్మకుండా మిగిలిన జత అది. నా చేయి పట్టుకుని ఒకటి తొడిగింది. అది మణికట్టు దగ్గర ఆగలేదు, మోచేయి దగ్గర ఆగలేదు, భుజం దాకా జారింది. అవ్వ దాన్ని కిందికి దించి మళ్లీ పైకి తోసింది, నమ్మకం కుదరనట్టు. ఆమె వేళ్లు నా చేతి మీద చాలాసేపు ఉన్నాయి.  కడియం తీసి పెట్టెలో పెట్టేసింది. మర్నాడు మధ్యాహ్నం నడిమి గదిలోంచి ఆమె గొంతు వినబడింది. "పిల్లా, నీ కంచం ఇటు తే."

వెళ్లేసరికి పీట మీద కూర్చుని ఉంది. అమ్మ వడ్డించింది. అప్పుడు నేను చూసిన దృశ్యానికి నివ్వెరపోయాను. అవ్వ అన్నాన్ని గుట్టలా పోయించుకుంది. మధ్యలో గుంట చేసి పప్పు, దాని నిండా నెయ్యి, పక్కన మామిడికాయ తొక్కు పచ్చడి. అది అయ్యాక పచ్చిపులుసుతో మళ్లీ అన్నం. అది అయ్యాక పెరుగుతో. ఉన్న నాలుగు పళ్లతో, కళ్లు సగం మూసుకుని, చప్పుడు చేస్తూ, వేళ్లు నాకుతూ తింది.

"అవ్వా, నువ్వు గింత తింటవా?" అన్నాను.

"మరి? గాలి బుక్కి నడిపిన్ననుకున్నవా గీ ఇల్లును?"

"నన్నేమో పిట్ట లెక్క తినుమంటివి!"

అవ్వ ముద్ద పట్టుకున్న చేయి ఆపి నా వైపు నిజమైన ఆశ్చర్యంతో చూసింది. "పిట్ట లెక్క కనబడుమన్న గదనే. తినకుమని ఎప్పుడన్న?"

అమ్మ వంటింట్లోకి పరుగెత్తింది, నవ్వడానికో ఏడవడానికో తెలియదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ మూసిన తలుపు వెనక ఇంత అన్నం ఉందని ఎవరూ నాకు చెప్పలేదు. అందరూ చూసింది తలుపునే, నేర్చుకున్నది తలుపునే.

అవ్వ కూర్చుంది కనుక జబ్బు నయమైందని మా చుట్టాలు ఇప్పటికీ కథ చెప్పుకుంటారు. వింటే చిరాకు. నాకు నయమైంది ఏళ్లకు. వారం వారం రైలెక్కి ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, తిన్నాక కలిగే భయం గురించి, నా పొగరు గురించి, బాపు గురించి మాట్లాడి మాట్లాడి, అదే గోడను గోకి గోకి బయటికి వచ్చాను. రెండు వేల సంవత్సరం తర్వాత జవహర్‌నగర్ వైపు కాలేజీలో ఉద్యోగం చేస్తున్నప్పుడు చెత్త డంపు కంపును సాకుగా పెట్టుకుని మళ్లీ జారాను. ఈసారి ఎవరూ లాక్కుపోలేదు, నేనే వెళ్లాను. ఇప్పుడు మా తోట ఉన్న చోట అపార్టుమెంట్లు లేచాయి. అక్కడ ఆడా మగా అందరూ ఒకే టేబులు చుట్టూ కూర్చుని తింటారు, తినేదాన్ని ఫోటో తీసి అందరికీ చూపిస్తారు. అదే టేబులు దగ్గర ఒక పిల్ల అన్నాన్ని కంచంలో ఆ చివర నుంచి ఈ చివరకు నెడుతుంటే, తల్లి డైటింగులో ఉన్నానని పక్కన దోసకాయ ముక్కలు కొరుకుతుంది, తండ్రి పిల్ల సన్నబడిందని మెచ్చుకుంటాడు. మా ఇంట్లో తలుపు మూసేవాళ్లు, కనబడేది కాదు. వీళ్లకు కనబడుతోంది. ఏది నయమో నేను చెప్పలేను. డాక్టర్లు మాత్రం పెరిగారు. ఆ మెట్లెక్కడానికి పడే సిగ్గు బాపు రోజుల్లో ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది.

అవ్వ నాతో కూర్చోవడం మొదలుపెట్టిన కొత్తలో, ఆ చలికాలం, మా తాతగారి అన్న మేడ్చల్ నుంచి చెప్పకుండా వచ్చాడు. పెద్దాయన. ఆయన ఇంట్లో అడుగుపెడితే అవ్వ నెత్తిన కొంగు వేసుకుని లోపలికి వెళ్లిపోవలసిందే. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆయన ఎదుట కూర్చోలేదు, ఆయనతో నేరుగా మాట్లాడలేదు; ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి ఎవరిచేతనో చెప్పించేది. ఆయన కర్ర చప్పుడు వాకిట్లో వినబడేసరికి మేము సగం భోజనంలో ఉన్నాము. నా నోట్లో ముద్ద ఉంది. మింగలేక, ఉమ్మలేక ఉన్నాను. ఆ చప్పుడు వినగానే నాలో ఉన్న జబ్బు లేచి నిలబడింది. అవ్వ లేస్తుంది, నేనూ లేస్తాను, ఈ పూట గడిచిపోతుంది.

బాపు ఆదరాబాదరాగా లోపలికి వచ్చాడు. "అమ్మా, పెదనాయిన వచ్చిండే. లే, జల్దీ లే."

అవ్వ ఎడమ చేత్తో కొంగు నెత్తి మీదికి లాక్కుంది. కుడి చేయి కంచంలోనే ఉంది.  పెద్దాయన గడపలోకి వచ్చి, ఏం చూస్తున్నాడో అర్థంకాక అక్కడే ఆగిపోయాడు. బాపు ముఖం పాలిపోయింది. అవ్వ తల ఎత్తలేదు. కంచం వైపే చూస్తూ, కానీ గది అంతా వినబడేలా, ఆయనతో మొదటిసారి మాట్లాడింది.

"బావగారూ, అర్గు మీద కూసోండ్రి. పిల్ల తింటాంది. మేం ఇప్పుడు లేవం."

 తర్వాత కర్ర చప్పుడు నెమ్మదిగా అరుగు వైపు వెళ్లింది. బాపు దాని వెనకే వెళ్లాడు. అవ్వ ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుని నమలసాగింది, నా వైపు చూస్తూ. నేను మింగాను. ఇంకో ముద్ద కలిపాను.

ఆకాశం ఊడిపడలేదు. ఆయన అరుగు మీద కూర్చుని చాయ్ తాగి, ద్రాక్ష ధర గురించి మాట్లాడి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. కూర్చున్న చోటు నుంచి లేవకుండా ఉండడం అంత తేలికైన పని అయితే, అన్నేళ్లూ ఆ ఇంట్లో ఆడవాళ్లందరూ కంచాలు వదిలి ఎందుకు లేచారో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.